నార్వే నటుడి రేడియో నాటకాల జాబితా ఎక్కడ దొరుకుతుంది?

నార్వేలో ఉన్నవారు, నార్వేజియన్ భాష తెలిసినవారు ఎవరైనా కాస్త సాయం చేయగలరా? టొరాల్వ్ మౌర్‌స్టాడ్ గురించి ఒక వ్యాసం రాస్తున్నాను. 1926లో పుట్టి 2022లో కన్నుమూసిన నటుడు. తల్లి తోర్దిస్, తండ్రి ఆల్‌ఫ్రెడ్ కూడా నటులే. నాటక రచయిత ఇబ్సెన్ రాసిన 'పేర్ గింట్' నాటకంలోని పేర్ గింట్ పాత్ర ఆయనకు పేరు తెచ్చింది. 1978 నుంచి 1986 వరకు ఓస్లోలోని నేషనల్ థియేటర్‌ను నడిపించారు. రంగస్థలం సంగతి ఇలా చకచకా దొరికింది.

చిక్కంతా రేడియో దగ్గరే. వేదిక మీది మనిషికి ఫొటోలైనా మిగులుతాయి, రేడియో నటుడికి గొంతు తప్ప ఏముంటుంది? అందుకే ఆ గొంతు వినకుండా రాయడానికి చేయి రావడం లేదు. నార్వే ప్రభుత్వ ప్రసార సంస్థ ఎన్ఆర్‌కే రేడియో నాటక విభాగంలో ఆయన వేసిన పాత్రలు, ప్రసారమైన సంవత్సరాలతో సహా, ఎక్కడ చూడాలి? పాత రికార్డింగులు భారతదేశం నుంచి వినవచ్చా? లేఖ రాసి అడగాలంటే ఎన్ఆర్‌కేకా, నేషనల్ లైబ్రరీకా?

ఇంకో చిన్న సందేహం: ఇంటిపేరు చివరి 'డ్' పలకరని ఒకరు అన్నారు. అయితే తెలుగులో 'మౌర్‌స్టా' అని రాయాలా?