ఖాళీ చోట తాకితే కీబోర్డ్ మూసుకుపోవాలా, అక్కర్లేదా?

రెండోబిల్డ్:
మా టీమ్‌లో నాలుగు రోజులుగా ఇదే వాదన. యాప్‌లో అడ్రస్ ఫారం ఉంది, తొమ్మిది ఫీల్డులు. స్క్రీన్ మీద ఎక్కడ ఖాళీగా తాకినా కీబోర్డ్ మూసుకుపోవాలని మా డిజైనర్ పట్టుబట్టారు. రియాక్ట్ నేటివ్ (ఒకే కోడ్‌తో ఐఫోన్, ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే సాధనం) కాబట్టి స్క్రీన్ మొత్తాన్ని తాకిడిని పట్టే టచబుల్‌వితౌట్‌ఫీడ్‌బ్యాక్ అనే కాంపోనెంట్‌తో చుట్టేసి, తాకగానే కీబోర్డ్ డిస్మిస్ అయ్యేలా రాస్తే అయిపోతుంది. పని చిన్నదే. కానీ నా మనసు ఒప్పుకోవడం లేదు. కీబోర్డ్ కావాలని తెరిచింది యూజరు. అడగకుండా దాన్ని లాగేసుకునే హక్కు మనకెక్కడిది? మీరంతా ఏం చేస్తున్నారో చెప్పండి.

నీలిగీత:
నేను మీ డిజైనర్ పక్షమే. ఆండ్రాయిడ్‌లో బ్యాక్ నొక్కితే కీబోర్డ్ దిగిపోతుంది, అందుకే మీకు ఈ బాధ తెలియడం లేదు. ఐఫోన్‌లో అలాంటిది లేదండి. పైగా నంబర్ ప్యాడ్‌కి రిటర్న్ కీ కూడా ఉండదు. నా మొదటి యాప్‌లో ఫోన్ నంబర్ అడిగే స్క్రీన్ ఉండేది, ముందుకెళ్లే బటన్ అడుగున. నంబర్ కొట్టగానే ఆ బటన్ కీబోర్డ్ వెనకాల ఇరుక్కుపోయేది. ఎక్కడ తాకినా కదలదు. యాప్ మూసి మళ్లీ తెరవడం తప్ప దారి లేదు. ఆ ఫిర్యాదులు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ప్రతి స్క్రీన్‌లోనూ ఖాళీ చోట తాకితే మూసేస్తున్నాను.

రెండోబిల్డ్:
మూసే దారి ఉండాలనడంలో నాకూ సందేహం లేదు. ఆ దారి ఇదే కావాలా అన్నదే నా ప్రశ్న. కీబోర్డ్ నెత్తిన ‘పూర్తయింది’ అనే బటన్‌తో ఒక పట్టీ పెట్టొచ్చు. ఐఫోన్ స్క్రీన్లు కట్టే ఆపిల్ సాధనం స్విఫ్ట్‌యూఐలో ఐఓఎస్ 15 నుంచి అది చాలా తేలిక. వేలితో కిందికి లాగితే కీబోర్డ్ కూడా వెంట దిగే పద్ధతి స్క్రోల్ వ్యూలకు (వేలితో పైకీ కిందికీ జరిపే భాగాలకు) ఐఓఎస్ 7 నుంచే ఉంది. ఈ రెండూ యూజరు తెలిసి చేసే పనులు.

నిన్న టెస్ట్ ఫోన్ పట్టుకుని ఫారం నెమ్మదిగా నింపి చూశాను. వీధి పేరు కొట్టి కింది ఫీల్డ్‌కి వెళ్లబోతే బొటనవేలు రెండు ఫీల్డుల మధ్య సందులో పడింది. కీబోర్డ్ దిగింది. దాంతో పైకి జరిగి ఉన్న ఫారం అంతా కిందికి జారింది. నేను తాకాలనుకున్న ‘ఊరు’ ఉన్న చోటికి ‘ఇంటి నంబర్’ వచ్చి కూర్చుంది. నా వేలు అప్పటికే రెండోసారి దిగుతోంది. తప్పు ఫీల్డ్ తెరుచుకుంది, కీబోర్డ్ మళ్లీ లేచింది. ఒక్క ఫారంలో ఇలా మూడుసార్లు. చేతులు వణికే పెద్దవాళ్ల సంగతి ఆలోచించండి.

తెరచాటు:
స్క్రీన్ రీడర్ (చూపు లేనివాళ్లకు స్క్రీన్ మీదున్నది చదివి వినిపించేది) టెస్టింగ్ నా పని. తాకితే మూయాలా వద్దా అన్నది పక్కన పెట్టండి, ఆ చుట్టే పద్ధతి మాత్రం దయచేసి వాడకండి. టచబుల్‌వితౌట్‌ఫీడ్‌బ్యాక్‌కి యాక్సెసిబుల్ అనే ప్రాపర్టీ డిఫాల్ట్‌గా ట్రూ. అంటే ఐఫోన్‌లోని స్క్రీన్ రీడర్ వాయిస్‌ఓవర్‌కి మీ తొమ్మిది ఫీల్డులూ కలిసి ఒకే ముద్దగా కనిపిస్తాయి. చూపు లేని మనిషి ఒక్కో ఫీల్డ్‌కీ విడిగా చేరుకోలేడు. మీకు రెండు లైన్లే, ఆయనకు మాత్రం ఫారం మొత్తం తలుపు మూసేసినట్టు.

నీలిగీత:
ఇది నాకు నిజంగా తెలియదండి. ఈరోజే మావి వెతుకుతాను. దాన్ని ఫాల్స్ చేస్తే సరిపోతుంది కదా?

తెరచాటు:
ఆ ఒక్క ఇబ్బంది తీరుతుంది. చుట్టిన ప్రతి చోటా గుర్తు పెట్టుకుని చేయాలి మరి.

గడికట్టు:
అసలు చుట్టాల్సిన పనే లేదు. ఫారం స్క్రోల్‌వ్యూలో ఉంటే కీబోర్డ్‌షుడ్‌పర్సిస్ట్‌ట్యాప్స్ అనే సెట్టింగ్ చూసుకోండి. డిఫాల్ట్ ‘నెవర్’. మొదటి ట్యాప్ కీబోర్డ్‌ని మూయడానికే పోతుంది, బటన్‌కి చేరదు. లాగిన్ రెండుసార్లు నొక్కితే గానీ పని చేయడం లేదనే ఫిర్యాదుకి చాలాసార్లు మూలం ఇదే. ‘హ్యాండిల్డ్’ పెడితే బటన్ ఒక్క ట్యాప్‌కే పలుకుతుంది, ఖాళీ చోట తాకితే కీబోర్డ్ దిగుతుంది. డిజైనర్ అడిగింది అదే. ‘ఆల్వేస్’ పెడితే ట్యాప్‌తో దిగదు, అది రెండోబిల్డ్ గారి మాట. ఒక స్క్రోల్‌వ్యూలో ఇంకొకటి ఉంటే బయటిదానికీ పెట్టాలి, నేను ఒక పూట అంతా అక్కడే పోగొట్టుకున్నాను.

ఇక నా అభిప్రాయం. నీలిగీత గారి కథలో తప్పు మూసే దారి లేకపోవడం ఒక్కటే కాదు, బటన్ కీబోర్డ్ వెనక్కి పోవడం. బటన్ కీబోర్డ్ పైనే కనిపిస్తూ ఉంటే మూయాలన్న ఆలోచనే ఎవరికీ రాదు. ముందు అది సరిచేయండి. ఐఓఎస్ 15 నుంచి యూఐకిట్‌లో (ఆపిల్ వాళ్ల ఇంకో స్క్రీన్ సాధనం) కీబోర్డ్‌తో పాటు కదిలే కీబోర్డ్ లేఅవుట్ గైడ్ ఉంది, బటన్ అడుగు అంచుని దానికి కట్టేస్తే చాలు. కీబోర్డ్ ఎత్తు ఇంత అని కోడ్‌లో అంకె మాత్రం రాయకండి. ఫోన్‌ని బట్టి, సజెషన్ల పట్టీని బట్టి అది మారిపోతుంది. ఆండ్రాయిడ్‌లో టార్గెట్ ఎస్‌డీకే (యాప్ ఏ ఆండ్రాయిడ్ వెర్షన్ కోసం రాశామో చెప్పే అంకె) 35కి మారితే ఆండ్రాయిడ్ 15 ఫోన్లలో ఎడ్జ్-టు-ఎడ్జ్, అంటే యాప్ స్క్రీన్ అంచుల దాకా పరుచుకోవడం, తప్పదు. యాప్ సెట్టింగులుండే మేనిఫెస్ట్ ఫైల్‌లో అడ్జస్ట్‌రీసైజ్ (కీబోర్డ్ లేస్తే స్క్రీన్‌ని కుదించమనే మాట) అని రాసి ఊరుకుంటే కుదరదు, ఐఎంఈ ఇన్‌సెట్ (కీబోర్డ్ ఆక్రమించిన చోటు) ఎంతో చూసుకుని అడుగున అంత ప్యాడింగ్ మనమే ఇవ్వాలి.

నీలిగీత:
బటన్ పైకి తేవడం ఒప్పుకుంటున్నాను. కానీ ఫోన్ అడ్డంగా తిప్పి చూశారా? కీబోర్డే స్క్రీన్‌లో సగానికి పైగా తినేస్తుంది. దాని మీద పట్టీ, ఆ పైన బటన్. టైప్ చేస్తున్న ఫీల్డ్‌కి చోటెక్కడ? అక్కడ మాత్రం ఖాళీ చోట తాకి మూసే వీలు ఉండాల్సిందే.

రెండోబిల్డ్:
అడ్డంగా తిప్పి చూడలేదు, ఒప్పుకోవాలి. నిలువుగా ఉన్నప్పుడు ‘ఆల్వేస్’, కీబోర్డ్ పైన పట్టీ, ‘నెక్స్ట్’ కీతో తర్వాతి ఫీల్డ్‌కి వెళ్లడం, ఇంతవరకు డిజైనర్‌తో రేపు మాట్లాడతాను. అడ్డంగా ఉన్నప్పుడు పట్టీ తీసేసి ‘హ్యాండిల్డ్’ పెట్టి, అదే ఫారం మళ్లీ మొదటి నుంచి నింపి చూసి ఇక్కడే రాస్తాను.