అప్‌డేట్: ఆ క్రిస్మస్ సినిమా హీరోయిన్ ఎవరో దొరికింది

మొన్న అడిగాను కదా, అమెరికాలో టీవీ కోసమే సినిమాలు తీసే హాల్‌మార్క్ ఛానెల్ వాళ్ల 2015 సినిమా 'క్రౌన్ ఫర్ క్రిస్మస్'లో రాజుగారి కూతురికి గవర్నెస్‌గా (ఇంట్లోనే ఉండి చదువు చెప్పే టీచర్‌గా) వెళ్లే అమ్మాయిని ఎక్కడో చూశాను, ఇలాంటి టీవీ సినిమాలు చేస్తే కెరీర్ అయిపోయినట్టేనా అని. దొరికింది, డానికా మెకెల్లర్. 1988లో మొదలైన 'ది వండర్ ఇయర్స్' టీవీ సీరియల్‌లో పక్కింటి అమ్మాయి విన్నీ ఈమే, అందుకే ఆ మొహం అంత తెలిసినట్టు అనిపించింది.

అసలు మతిపోయే విషయం వేరే ఉంది. ఆ సీరియల్ అయ్యాక యూసీఎల్‌ఏలో (లాస్ ఏంజిలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) లెక్కల డిగ్రీ చేసింది, ఇంకో ఇద్దరితో కలిసి ఒక సిద్ధాంతం నిరూపించింది, దానికి పేరే చేయస్-మెకెల్లర్-విన్ సిద్ధాంతం! ఆ పేపర్ ఓపెన్ చేశా, రెండో లైన్‌కే దణ్ణం పెట్టి మూసేశా. 2007 నుంచి ఆడపిల్లలకి లెక్కలంటే భయం పోవాలని పుస్తకాలు కూడా రాస్తోంది. నేను పాపం ఛాన్సుల్లేక ఈ టీవీ సినిమాలు చేస్తోందేమో అనుకున్నా, ఛీ.

రాజుగా వేసిన రూపర్ట్ పెన్రీ-జోన్స్ అయితే బీబీసీ సీరియల్ 'స్పూక్స్'లో గూఢచారి, ఇక్కడ కిరీటం పెట్టారంతే.

లేసీ షాబేర్ అనే ఇంకో నటి కూడా ఇంతే, 2004 సినిమా 'మీన్ గర్ల్స్' తర్వాత హాల్‌మార్క్‌లోనే 30కి పైగా సినిమాలు చేసింది. మన దగ్గర సినిమా హీరోయిన్ సీరియల్‌కి వస్తే అయ్యో అంటాం, అక్కడ ఈమెని క్రిస్మస్ క్వీన్ అంటున్నారు.