చిన్న ట్రైలర్‌కి లిథియం బ్యాటరీ: హుకప్ (కరెంటు కనెక్షన్) లేని చోట మూడు రాత్రులు గడవాలంటే ఏమేం మార్చాలి?

గుడారం_చక్రాలు:
17 అడుగుల ట్రైలర్, 30 ఆంప్ వైరింగ్. ముందు హిచ్ (ట్రక్కుకి తగిలించే చోటు) దగ్గర గ్రూప్ 24 సైజు లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒక్కటే ఉంది. అక్టోబర్‌లో గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్, మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో మూడు రాత్రులు. అక్కడ హుకప్‌లు లేవు. వాడేవి: 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్, ఫర్నేస్, లైట్లు, నీళ్ల పంపు, రెండు ఫోన్లు, ఒక లాప్‌టాప్, రోజుకోసారి రైస్ కుక్కర్, చట్నీకి మిక్సీ. పాతది తీసేసి 100 ఏహెచ్ (ఆంప్-అవర్, బ్యాటరీ ఎంత పడుతుందో చెప్పే కొలత) లిథియం పెడితే సరిపోతుందా?

పన్నెండు_వోల్టులు:
సరిపోదండి. కొనేముందు కాగితం మీద లెక్క వేసుకోండి. రోజుకి సుమారుగా:

ఫ్రిజ్ 35 ఏహెచ్ (తిరిగేటప్పుడు 45 వాట్లు లాగుతుంది, చలిలో సగం సేపు కూడా తిరగదు). ఫర్నేస్ ఫ్యాన్ 3.5 ఆంప్, రాత్రి పది గంటల్లో సగానికి కాస్త తక్కువ తిరుగుతుంది, అది 16. గ్యాస్ డిటెక్టర్, స్టీరియో, ఇతర బోర్డులు ఊరికే తాగేది 5. లైట్లు 4, పంపు 1, ఫోన్లూ లాప్‌టాప్ కలిపి 8. రైస్ కుక్కర్ 500 వాట్లు, 25 నిమిషాలు, ఇన్వర్టర్ నష్టం కలిపితే 19. మిక్సీ మూడు నిమిషాలకి 3.

మొత్తం 91. అంటే 100 ఏహెచ్ బ్యాటరీ ఒక్క రోజుకి. మీ పాత గ్రూప్ 24 రాసుకోవడానికి 75–80 ఏహెచ్ అయినా, పాడవకుండా వాడుకోగలిగింది అందులో సగమే కాబట్టి దానితో పోలిస్తే మేలే. అన్నం ప్రొపేన్ స్టవ్ మీద కుక్కర్‌లో పెట్టేయండి, 72కి దిగుతుంది. మూడు రోజులకి 216.

కాన్యన్_దారి:
సోలార్ గురించి ఒక మాట. మాథర్‌లో చాలా సైట్లు పైన్ చెట్ల కింద ఉంటాయి. రూఫ్ మీద 200 వాట్ల ప్యానెల్ బిగించి నీడలో పార్క్ చేస్తే పైసా ఉపయోగం లేదు. ప్యానెళ్లు సిరీస్‌లో ఉంటే ఒకదాని మీద కొమ్మ నీడ పడినా మొత్తం దిగిపోతుంది. మడతపెట్టే 200 వాట్ల ప్యానెల్, 30 అడుగుల 10 గేజ్ వైరు తీసుకుని, ఎండ జరిగే కొద్దీ జరుపుకోండి. అక్టోబర్‌లో మంచి ఎండ రోజు 45–50 ఏహెచ్ వస్తుంది. కంట్రోలర్ (ప్యానెల్ కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు మార్చేది) ప్యానెల్ వెనక ఉన్న రకం అయితే తీసి బ్యాటరీ దగ్గరికి మార్చండి. లేకపోతే పొడుగు వైరులో వోల్టేజ్ పడిపోయి, కంట్రోలర్‌కి 14.4 కనిపించినా బ్యాటరీకి 13.9 చేరుతుంది.

నా లెక్కలో 200 ఏహెచ్ + ఈ ప్యానెల్. లేదా 100 ఏహెచ్ + చిన్న జనరేటర్.

గుడారం_చక్రాలు:
జనరేటర్ 2200 వాట్లది అడిగితే దొరుకుతుంది. ట్రైలర్‌కి ప్లగ్ చేస్తే చాలు కదా?

పన్నెండు_వోల్టులు:
అక్కడే చిక్కు. ప్లగ్ చేస్తే ఛార్జ్ చేసేది ట్రైలర్‌లో ఉన్న కన్వర్టర్ (బయటి కరెంటుని 12 వోల్టులకి మార్చే పెట్టె). లెడ్ యాసిడ్ కోసం చేసిన పాత కన్వర్టర్లు ఎక్కువ సేపు 13.6 వోల్టుల దగ్గరే ఉంటాయి. లిథియం దానితో కొంతవరకు నిండుతుంది, కానీ నింపాదిగా. పైగా బీఎంఎస్ (బ్యాటరీ లోపలి కాపలా సర్క్యూట్) సెల్స్‌ని సరిచేసే పని సాధారణంగా 14 వోల్టుల పరిసరాల్లోనే మొదలవుతుంది. ఎప్పుడూ 13.6 దాటకపోతే నెలల తరబడి సెల్స్ ఎడమొహం పెడమొహంగా తయారై, ఒకరోజు 30 శాతం ఉందనుకుంటుండగానే ఆగిపోతుంది.

14.4–14.6 ఇచ్చే లిథియం కన్వర్టర్ వేయండి. చాలా ట్రైలర్ల ఫ్యూజు ప్యానెళ్లలో కింది భాగం మాత్రమే మార్చేస్తే సరిపోతుంది, ఫ్యూజుల భాగం అలాగే ఉంచొచ్చు. 55 ఆంప్‌ది జనరేటర్ నుంచి 900 వాట్ల దాకా లాగుతుంది. 7,000 అడుగుల ఎత్తులో జనరేటర్ శక్తి ఐదోవంతు తగ్గినా ఇబ్బంది లేదు. 70 ఏహెచ్ గంటన్నరలో నిండుతుంది. జనరేటర్ నడిపే వేళలు క్యాంప్‌గ్రౌండ్ బోర్డు మీద చూసుకోండి.

తాడు_తాళం:
దారిలో ట్రక్కు నుంచి ఛార్జ్ అవుతుందని 7 పిన్ ప్లగ్ (ట్రక్కుకీ ట్రైలర్‌కీ మధ్య లైట్లు, బ్రేకుల కనెక్షన్) మీద ఆశ పెట్టుకోవద్దు. ఆల్టర్నేటర్ నుంచి ట్రైలర్ బ్యాటరీ దాకా 12 గేజ్ వైరు, పోనురాను 65 అడుగులు వేసుకోండి. 10 ఆంప్ వెళ్తేనే ఒక వోల్టు పడిపోతుంది. సరిగ్గా కావాలంటే 30 ఆంప్ డీసీ-డీసీ ఛార్జర్ (ట్రక్కు వోల్టేజ్‌ని ట్రైలర్ బ్యాటరీకి తగ్గట్టు మార్చి ఇచ్చేది). దాని ఇన్‌పుట్ 40 ఆంప్ దాకా లాగుతుంది కాబట్టి ట్రక్కు బ్యాటరీ నుంచి విడిగా 4 గేజ్ కేబుల్, రెండు చివర్లా 60 ఆంప్ ఫ్యూజులు, మధ్యలో ఆండర్సన్ కనెక్టర్ (ఎక్కువ కరెంటు మోసే, ఊడదీయగలిగే ప్లగ్). 7 పిన్ వైరుకే 30 ఆంప్ ఛార్జర్ తగిలిస్తే వోల్టేజ్ పడి ఆగుతూ వస్తూ ఉంటుంది, లేదా ఫ్యూజు పోతుంది.

ఇంకోటి. చాలా ట్రైలర్లలో 12 వోల్టుల నల్ల వైరు పాజిటివ్, తెల్లది నెగటివ్. కార్ల అలవాటుతో నల్లదాన్ని నెగటివ్‌కి బిగిస్తే కన్వర్టర్‌లో రివర్స్ పోలారిటీ ఫ్యూజులు రెండూ (30 లేదా 40 ఆంప్‌వి) వెంటనే పోతాయి. "కొత్త బ్యాటరీ పెట్టాను, ఛార్జ్ అవట్లేదు" అని వచ్చే పోస్టుల్లో సగం ఇదే. మీటర్ పెట్టి చూశాకే బిగించండి.

చట్నీ_ఆన్_వీల్స్:
మిక్సీ సంగతి. 1000 వాట్ల ప్యూర్ సైన్ (ఇంటి కరెంటు లాంటిదే ఇచ్చే) ఇన్వర్టర్ చాలు. మాడిఫైడ్ సైన్ అయితే మోటార్ గురగురమని వేడెక్కుతుంది. ఇండియా నుంచి తెచ్చిన 230 వోల్టుల మిక్సీ ఇందులో పనికిరాదు, 110 వోల్టులది కావాలి. జార్ నిండా పప్పు వేసి నేరుగా మూడో స్పీడ్‌లో తిప్పితే మొదటి తోపులో ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంది. ముందు ఒకటి, తర్వాత రెండు.

కేబుల్ 2 గేజ్, మూడడుగుల లోపు, 125 ఆంప్ ఫ్యూజు. పనయ్యాక ఇన్వర్టర్ బటన్ ఆపేయండి. ఊరికే ఆన్‌లో ఉంటే గంటకి దాదాపు ఒక ఆంప్, రోజంతా అయితే మీ ఫర్నేస్ కంటే ఎక్కువే తాగుతుంది.

ఇండక్షన్ స్టవ్ గురించి అడగకముందే చెప్తున్నా: 1800 వాట్లంటే 160 ఆంప్. 100 ఆంప్ బీఎంఎస్ ఉన్న ఒక్క బ్యాటరీ దాన్ని మోయలేదు.

పన్నెండు_వోల్టులు:
ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్‌కి ఏడు అంగుళాల లోపే ఉండాలి. లిథియం షార్ట్ అయితే వేల ఆంప్‌లు ఒక్కసారిగా పారతాయి, మామూలు గాజు ఫ్యూజులు, చవక ఏఎన్ఎల్ రకాలు ఆ నిప్పుని ఆపలేకపోవచ్చు. క్లాస్ టీ రకం ఫ్యూజు మంచిది.

లగ్ (కేబుల్ చివరి రింగు) బిగించేటప్పుడు వరస చూడండి: టెర్మినల్, దాని మీద నేరుగా రాగి లగ్, ఆపైన వాషర్, స్ప్రింగ్ వాషర్, బోల్టు. లగ్‌కీ టెర్మినల్‌కీ మధ్య స్టీలు వాషర్ దూరిస్తే అక్కడే కాలుతుంది. మిక్సీ తిప్పాక లగ్ మీద వేలు పెట్టి చూడండి, గోరువెచ్చగా దాటి ఉందంటే విప్పి మళ్ళీ బిగించాల్సిందే.

కాన్యన్_దారి:
చలి మర్చిపోయారు. అక్టోబర్ రాత్రుల్లో సౌత్ రిమ్ మీద గడ్డకట్టే చలి మామూలే. సెల్ ఉష్ణోగ్రత 32 ఫారెన్‌హీట్ కిందికి పోతే లిథియంని ఛార్జ్ చేయకూడదు, ఆనోడ్ మీద లోహపు పూత పేరుకుని శాశ్వతంగా పాడవుతుంది. మంచి బీఎంఎస్ ఛార్జింగ్‌ని ఆపేస్తుంది, వాడకం మాత్రం జరుగుతుంది. పొద్దున ప్యానెల్ మీద ఎండ ఉన్నా యాప్‌లో సున్నా ఆంప్ కనిపిస్తే కంగారుపడి అన్నీ విప్పొద్దు. ఈ రకం బ్యాటరీ మామూలు వాడకంలో గ్యాస్ వదలదు కాబట్టి లోపల బెంచీ కింద పెట్టేయండి. ఫర్నేస్ వెచ్చదనం దానికీ అందుతుంది.

తాడు_తాళం:
లోపలికి మారిస్తే హిచ్ మీద బరువు తగ్గుతుంది, అది చూసుకోండి. టంగ్ వెయిట్ (హిచ్ మీద పడే బరువు) ట్రైలర్ మొత్తం బరువులో 10–15 శాతం ఉండాలి. అంచున ఉన్న ట్రైలర్ అయితే 50 పౌండ్లు తీసేసినా హైవే మీద తోక ఊపడం మొదలవుతుంది. బరువున్న సామాను కాస్త ముందుకి జరపండి.

గుడారం_చక్రాలు:
అందరికీ థాంక్స్. 100 ఏహెచ్‌వి రెండు, 55 ఆంప్ కన్వర్టర్, షంట్ (బ్యాటరీలోకి వచ్చిపోయే కరెంటుని కొలిచేది), 1000 వాట్ల ఇన్వర్టర్, మడత ప్యానెల్ అనుకుంటున్నా. బిగించే వరస: రెండు బ్యాటరీలు విడివిడిగా ఫుల్ చేసి పారలల్ చేస్తా. పాజిటివ్ ఒకదాని నుంచి, నెగటివ్ రెండోదాని నుంచి. నెగటివ్‌లన్నీ షంట్ అవతలికి. తర్వాత సోలార్ ప్యానెల్, కంట్రోలర్, ఆఖరున మెయిన్ స్విచ్, అన్నీ దాని వెనకాలే.

పన్నెండు_వోల్టులు:
రెండు మార్పులు. కంట్రోలర్‌కి ముందు బ్యాటరీ, ఆ తర్వాతే ప్యానెల్. విప్పేటప్పుడు తిరగేసి. షంట్‌లో 200 ఏహెచ్, ఛార్జ్‌డ్ వోల్టేజ్ 14.0, టెయిల్ కరెంట్ (ఛార్జింగ్ చివర్లో మిగిలే కొద్దిపాటి కరెంటు) 4 శాతం, పూకర్ట్ (వేగంగా వాడితే తగ్గే సామర్థ్యపు లెక్క) 1.05 పెట్టండి. వోల్టేజ్ చూసి లిథియంని అంచనా వేయలేం, 13.1 దగ్గర సగం ఉందో ఇంకా తక్కువుందో తెలియదు.

తాడు_తాళం:
రెండోది నేను చెప్తా. బ్రేక్‌అవే స్విచ్ (ట్రైలర్ ఊడితే పిన్ లాగబడి బ్రేకులు వేసేది) వైరు మెయిన్ స్విచ్ వెనకాల ఉండకూడదు. దాన్ని దాని ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకే ఇవ్వాలి. లేకపోతే మెయిన్ ఆపి లాగినప్పుడు ట్రైలర్ ఊడితే బ్రేకులు పట్టవు. అంతా బిగించాక పిన్ లాగి, ట్రైలర్‌ని కొంచెం ముందుకి లాగి చక్రాలు పట్టాయో లేదో చూడండి. చూడగానే పిన్ పెట్టేయండి, ఎక్కువసేపు వదిలేస్తే బ్రేక్ మాగ్నెట్లు వేడెక్కుతాయి.