రీయూనియన్ దీవికి సంక్రాంతికా, మే నెలలోనా?

కోనసీమ కొబ్బరితోట: హైదరాబాద్ నుంచి తమ్ముడి కుటుంబం సంక్రాంతికి వస్తోంది. అందరం కలిసి మారిషస్ మీదుగా, హిందూ మహాసముద్రంలో దాని పక్కనే ఉన్న ఫ్రెంచి దీవి రీయూనియన్ వెళ్దామని నా ఆలోచన. మా ఆవిడ మే నెలలో వెళ్దామంటోంది. అమ్మకి 68 ఏళ్లు. ఏది మంచిది?

రాజోలు కుర్రాడు: సంక్రాంతికే వెళ్లండి అన్నా. అప్పుడు అక్కడ వానాకాలం, జలపాతాలు నిండుగా దూకుతుంటాయి. పైగా ఇంటిల్లిపాదీ ఒకచోట ఉండేది ఆ నాలుగు రోజులే.

యానాం పెద్దాయన: ఆ మాట ఒప్పుకోను తమ్ముడూ. జనవరి అక్కడ తుపాన్ల కాలం. 2024లో మనం పండగ చేసుకున్న జనవరి 15నే బెలాల్ తుపాను ఆ దీవి మీద పడింది. ఎయిర్‌పోర్టు మూసేశారు, జనాన్ని గడప దాటొద్దన్నారు. 1996 నవంబరు చూసిన కోనసీమ వాళ్లకి తుపాను గురించి నేను చెప్పక్కర్లేదు. కానీ మనది చదును నేల, గాలికీ ఉప్పెనకీ భయపడతాం. అక్కడ నడిమధ్యన 3,070 మీటర్ల కొండ. మబ్బు దానికి తగిలి అక్కడే కుమ్మరిస్తుంది. 1966 జనవరిలో ఆ దీవిలోనే ఫోక్‌ఫోక్ అనే చోట ఒక్క రోజులో 1,825 మిల్లీమీటర్లు పడింది. చరియలు విరిగిపడితే కొండల నడుమ ఉండే సిలావోస్ ఊరికి ఉన్న ఒక్క రోడ్డూ పోతుంది.

మేము మే నెలలోనే వెళ్లాం. ఆ సిలావోస్ రోడ్డుకి 400 మలుపులు. మా అమ్మ అల్లం ముక్క బుగ్గన పెట్టుకుని, ముందు సీట్లో కళ్లు మూసుకుని కూర్చుంది. మర్నాడు తెల్లారకుండానే మైదో కొండ ఎక్కాం, కారులోనే. ఏడింటికి కింద మఫాత్ లోయ, అందులో ఊళ్లు చుక్కల్లా కనిపించాయి. వాటికి రోడ్డే లేదు, నడకో హెలికాప్టరో. పది కాకుండానే మబ్బు కమ్మేసి ఏమీ కనబడలేదు. స్వెట్టర్లు మర్చిపోవద్దు, అమ్మకి ముఖ్యంగా.

రాజోలు కుర్రాడు: మరి జలపాతాలు?

యానాం పెద్దాయన: అక్కడే సలాజీ అనే లోయ ఉంది, అటు వెళ్లండి, మే నెలలోనూ పారుతుంటాయి. జనవరి అంత ఉధృతం ఉండదు, నిజమే. పెద్దావిడతో వెళ్లేటప్పుడు నాకు రోడ్డే ముఖ్యం.

కోనసీమ కొబ్బరితోట: బాబాయ్, మే అయితే దాళ్వా కోతలు అయిపోతాయి, కాలువలు కట్టేస్తారు, నాకూ ఖాళీయే. తమ్ముడికి సెలవు దొరకాలి, అంతే. రాత్రి ఫోన్ చేసి అడుగుతాను.