ఎమల్షన్‌కూ ఎనామిల్‌కూ ఒకే బ్రష్షు పనికొస్తుందా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. సంక్రాంతిలోగా ఇంటికి మేమే రంగులు వేసుకోవాలని పని మొదలుపెట్టాము. గదుల గోడలకు ఎమల్షన్, తలుపులకూ కిటికీ ఊచలకూ ఎనామిల్, ప్రహరీకి సున్నం వేయాలి. గోడలు రోలరుతో బాగానే వచ్చాయి గానీ, మూలల్లోనూ స్విచ్ బోర్డుల చుట్టూనూ వెంట్రుకల బ్రష్షుతో వేయబోతే, అది అరగంటకే నీళ్లు పీల్చి మెత్తబడి చీపురులా విచ్చుకుపోయింది. రంగు ఆరిన తరువాత కూడా గోడ మీద దాని గీతలు కనిపిస్తున్నాయి. బ్రష్షు నాసిరకమా, నేను ఎంచుకోవడంలోనే పొరపాటు జరిగిందా?

మొదటి సమాధానం:
బ్రష్షు మంచిదే అయి ఉంటుందండి, వాడిన చోటే తప్పు. నీళ్లకు అలా మెత్తబడిందంటే అవి పంది వెంట్రుకలే. ఆ వెంట్రుక కొన సహజంగానే సన్నని పాయలుగా చీలి ఉంటుంది కనుక చిక్కని ఎనామిల్‌ను బాగా పట్టుకుని తలుపు మీద నున్నగా పరుస్తుంది. అదే నీళ్లలో ఉబ్బి బిగువు కోల్పోతుంది. ఎమల్షన్ నీళ్లు కలిపే రంగు కాబట్టి నైలాన్ లేదా పాలియెస్టర్ పోగుల బ్రష్షు, మూలలకైతే రెండంగుళాలది, తీసుకోండి. ఏ డబ్బా కొన్నా, దాన్ని దేనితో పలుచన చేయమన్నారో ముందు చదవండి. నీళ్లయితే సింథటిక్ పోగులు, టర్పెంటైన్ అయితే వెంట్రుకలు. పడిన గీతలను పూర్తిగా ఆరాక సన్నని ఎమరీ కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, ఇంకో పూత వేయండి.

రెండో సమాధానం:
సున్నానికి మాత్రం వెంట్రుకల బ్రష్షు ముట్టించకండి. తోళ్ల శుద్ధిలో వెంట్రుకలు ఊడగొట్టడానికి వాడేదే సున్నం. బ్రష్షునూ అది అలాగే తినేస్తుంది. నారకుంచె దానికి సరైనది. మా నాన్నగారు నారకట్ట కొనను సుత్తితో మెల్లగా దంచి, పోగులు విడివడిన తరువాత రాత్రంతా నీళ్లలో నానబెట్టి, తెల్లవారి గోడను తడిపి మరీ సున్నం పట్టించేవారు. పొడిగోడకు వేస్తే సున్నం చేతికి అంటుతూనే ఉంటుంది. కళ్లలో పడకుండా అద్దాలు పెట్టుకోవడం మరవకండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఎనామిల్‌కు కొత్త వెంట్రుకల బ్రష్షు కొన్నాను, కానీ వెంట్రుకలు ఊడి తలుపుకు అంటుకుంటున్నాయి. ఏం చేయాలి?

మొదటి సమాధానమిచ్చినవారు:
కొత్త బ్రష్షును అరచేతికి నాలుగైదుసార్లు గట్టిగా కొట్టి, వదులుగా ఉన్నవాటిని ముందే లాగేయండి. తలుపు మీద అంటుకున్నదాన్ని వేలితో తీయబోతే మరక పడుతుంది. రంగు తడిగా ఉండగానే బ్రష్షు కొనతోనే దాన్ని పైకి లేపి, అక్కడ ఒకసారి తేలికగా దువ్వండి. వెంట్రుకల పొడవులో మూడో వంతు వరకే రంగులో ముంచండి, ఎందుకంటే రేకు పట్టీలోకి ఎక్కిన ఎనామిల్ అక్కడే గట్టిపడి మొత్తం బ్రష్షును విప్పార్చేస్తుంది. పని కాగానే టర్పెంటైన్‌లో కడిగి, తరువాత సబ్బుతో కడిగి, కొనలు సరిచేసి వేలాడదీయండి.