అప్‌డేట్: పక్కింటి అమ్మాయి నర్సింగ్ ఫీజు విషయం

పోయిన నెల అడిగింది నేనే. మాది టంగుటూరు దగ్గర పల్లె. చర్చిలో దశమభాగం (రాబడిలో పదో వంతు) ఇస్తున్నాం, ఇంటి లోను కూడా ఉంది, ఇక పక్కింటి అమ్మాయి ఫీజుకి సాయం చేయాలా అని అడిగాను. బైబిల్లో ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం చదవమన్న అన్నకి వందనాలు.

చదివాను. పొలంలో మర్చిపోయిన పన (కోసిన పైరు కట్ట) కోసం వెనక్కి వెళ్ళొద్దు, పరదేశికి, తండ్రి లేనివారికి, విధవరాలికి వదిలెయ్యమని ఉంది. కారణం 22వ వచనంలో ఉంది: నువ్వు ఐగుప్తులో (ఈజిప్టులో) దాసుడిగా ఉన్నావని గుర్తు చేసుకోమని. అక్కడే ఆగిపోయాను. నాన్న పోయాక అమ్మ పొగాకు గ్రేడింగ్‌కి వెళ్ళి మమ్మల్ని పెంచింది. నా పదో తరగతి పరీక్ష ఫీజు కట్టింది అమ్మ పక్కన కూర్చుని ఆకు వేరుచేసే ఒక పెద్దమ్మ. ఆవిడకీ అదే కూలి! ఇన్నేళ్ళుగా నేను ఆ సంగతి తలుచుకోనేలేదు.

అమ్మతో అంటే ఇంకా వెనక్కి వెళ్ళింది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి పని ఇచ్చారు కదా, మా పెద్దలు ఆ మట్టి మోసినవాళ్ళేనట.

మొదటి విడత 18 వేలు కాలేజీలోనే కట్టేశాం, అప్పుగా కాదు. వాళ్ళమ్మకి తప్ప ఎవరికీ తెలియదు. లోను కంతు ఆపలేదు. బండి మార్చడం వచ్చే ఏడు చూద్దామని ముందు అన్నది మా ఆవిడే.

పెద్దమ్మ ఇప్పుడు కొండపిలో కూతురి దగ్గర ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మని తీసుకుని వెళ్తున్నాం.