వార్డుకు ఏ పెన్ను మంచిది? (నర్సింగ్ మొదటి సంవత్సరం, పుర్రచేతి వాటం)

కావలి పాప:

అక్కలూ, అన్నలూ, నవ్వకండి. నా ప్రశ్న పెన్ను గురించి.

మాది కావలి. నెల్లూరులో బీఎస్సీ నర్సింగ్ మొదటి సంవత్సరం, హాస్టల్లో ఉంటా. మొన్నటిదాకా క్లాసులే. పోయిన సోమవారం నుంచి వార్డు పోస్టింగ్ వేశారు. నాలుగు రోజుల్లో మూడు పెన్నులు పోయాయి, నాలుగోది నా పరువు తీసింది.

ఇంటర్ నుంచి నాకు జెల్ పెన్ను అలవాటు. అక్షరం గుండ్రంగా పడుతుందని నాన్న కూడా అదే కొనిచ్చేవాడు. ఆ రోజు ఆరు బెడ్లకు టెంపరేచర్, పల్స్, బీపీ చూసి చార్టులో ఎక్కిస్తున్నా. బెడ్డు బెడ్డుకూ మధ్య చేతులకు శానిటైజర్ రాసుకోవాలి కదా, అది ఆరకముందే పెన్ను పట్టుకున్నా. పైగా నాది పుర్రచెయ్యి, రాసిన అంకెల మీదుగానే అరచెయ్యి జరుగుతుంది. బీపీ 118 అని వేస్తే అది 113నో 110నో తెలియకుండా అలుక్కుపోయింది. గబగబా బ్యాగులోంచి వైట్‌నర్ తీశా. ఇన్‌చార్జి సిస్టర్ నా చెయ్యి పట్టుకుని "ఇది నీ రికార్డు బుక్కు కాదమ్మా, కేస్ షీటు" అనింది, అందరి ముందు. ఒక్క గీత కొట్టించి, పక్కన సరైన అంకె వేయించి, సంతకం, తేదీ, టైము పెట్టించింది. వార్డు మొత్తం మీద నా పేరు మొదటగా ఎక్కింది అక్కడే.

ఇంకోపక్క రికార్డులు. కేర్ ప్లాన్లు, డ్రగ్ బుక్కు, ప్రొసీజర్లు రాత్రి పదకొండు దాకా రాసి రాసి వేలి మీద కాయ కాసింది. బాల్ పెన్నుతో రాస్తే వేలు నొప్పి, జెల్‌తో రాస్తే మరక. ఏం కొనమంటారు? వంద రూపాయల పెన్నులు మాత్రం చెప్పకండి. సరే, ఒకటి చెప్పండి, ఆశపడతా.

ఒంగోలు సిస్టర్:

పాపా, ముందు ఒక మాట. గీత కొట్టించి సంతకం పెట్టించింది చూడు, ఆ సిస్టర్ నీకు మేలే చేసింది. వైట్‌నర్ పూసిన చార్టు చూస్తే కింద ఏముందో దాచారనే అనుకుంటారు ఎవరైనా.

నేను 22 ఏళ్లుగా వార్డులో ఉన్నా. నువ్వు చేస్తున్న తప్పు ఏందంటే, రెండు పనులకీ ఒకే పెన్ను వెతుకుతున్నావు. వార్డు పెన్ను వేరు, హాస్టల్ పెన్ను వేరు. వార్డుకు బాల్ పెన్నే, మారు మాట లేదు. కేస్ షీటు కాగితం పల్చన, జెల్ పెడితే వెనకవైపుకు దిగుద్ది. స్టోర్‌కు ఇండెంట్ (కావాల్సిన సామాను చీటీ) రాసేప్పుడు కింద కార్బన్ పెడతాం, నొక్కి రాయకపోతే రెండో కాపీలో ఏమీ ఉండదు. సెలైన్ చుక్కలు, తడి చేతులు ఎప్పుడూ ఉండేవే. బాల్ పెన్ను ఇంకు నూనె లాంటిది, నీళ్లకు అంత తొందరగా కదలదు.

శానిటైజర్ సంగతి వేరు. అందులో ఉండేది ఆల్కహాలు, దానికి బాల్ పెన్ను ఇంకు కూడా కరుగుద్ది. కాబట్టి పెన్ను మార్చినంత మాత్రాన నీ కష్టం తీరదు. చేతులు పూర్తిగా ఆరేదాకా రుద్దు. 20 నుంచి 30 సెకన్లు పడుద్ది. తడి చేత్తో ఏ చార్టూ ముట్టుకోకు.

బటన్ పెన్నే కొను. మూత పెన్నయితే ఒక చేతిలో బీపీ బల్బు, ఇంకో చేతిలో పెన్ను, మూత యాడికి పోద్ది? నోట్లోకి. నేను చూశా, నేనూ చేశా, చెప్పుకోడానికి సిగ్గు. ఆ పెన్ను పడక పట్టీలు, ట్రాలీలు, డ్రెస్సింగ్ బల్ల అన్నీ తిరిగొచ్చి ఉంటది. డ్యూటీ దిగేప్పుడు స్పిరిట్ దూదితో ఒకసారి తుడిచి, వార్డు బ్యాగులోనే పడెయ్యి. హాస్టల్ మంచం మీదికి తీసుకెళ్లొద్దు.

మా నాయన కందుకూరులో టీచరు. రాజమండ్రి రత్నం పెన్నుతో రాసేవాడు. స్వదేశీ రోజుల్లో గాంధీగారి దాకా పోయిన పెన్నని ఊరంతా చెప్పుకునేవాడు. నేను నర్సింగులో చేరిన రోజు అది నా చేతిలో పెట్టాడు. మూడో రోజుకే పెట్టెలో దాచేశా. మూత తిప్పి తీసేలోపు లెక్కపెట్టిన పల్స్ మర్చిపోయేదాన్ని! ఆయనకు మాత్రం చెప్పలేదు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు జేబుకు పెట్టుకుని పోయేదాన్ని.

ఇంకో రెండు మాటలు. క్యాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం) మీద వేసే ప్లాస్టర్‌పై తేదీ, టైము ముందే రాసుకుని, తర్వాత అంటించు. అంటించాక రాస్తే పేషెంటు నరం మీద పెన్నుతో పొడిచినట్టే. సెలైన్ బ్యాగు మీద మార్కర్‌తో నేరుగా రాయొద్దు, ప్లాస్టర్ ముక్క మీద రాసి అంటించు. ఇక రంగులు. మా దగ్గర పగలు నీలం, రాత్రి డ్యూటీకి ఎరుపు. మీ దగ్గర ఎట్టనో ఇన్‌చార్జిని అడుగు, ఊహించి రాయకు.

గూడూరు ల్యాబ్ అన్న:

సిస్టర్ గారు అన్నీ చెప్పేశారు. పెన్నులు పోయే సంగతి నేను చెప్తా, అది నా సబ్జెక్టు.

పెన్ను పట్టుకుపోయేది దొంగలు కాదు చెల్లీ, డాక్టర్లు. "ఒక్క సంతకం సిస్టర్" అంటారు, సంతకంతో పాటు పెన్ను కూడా రౌండ్స్‌కు పోద్ది. కాబట్టి నీ బటన్ పెన్ను ఎవరికీ ఇవ్వొద్దు. పక్కన ఒక మూత పెన్ను అప్పు ఇవ్వడానికే పెట్టుకో, రెనాల్డ్స్ 045 లాంటిది. ఇచ్చేప్పుడు మూత నీ చేతిలో ఉంచుకుని ఒట్టి పెన్ను ఇయ్యి. మూత లేని పెన్ను ఎవరూ జేబులో పెట్టుకోరు, చొక్కా పాడవుద్దని భయం. పది పెన్నులిస్తే ఏడెనిమిది వెనక్కి వస్తాయి.

ఇంకోటి. ఈసీజీ పేపరు మీద పేరు రాయాల్సి వస్తే జెల్ పెట్టొద్దు. అది వేడికి నల్లబడే పేపరు, పైన పూత ఉంటది, జెల్ ఆరదు. చెరిపితే పోయే ఇంకు పెన్నులు వస్తున్నాయి కదా, అవి వార్డు గడప కూడా తొక్కకూడదు. 60 డిగ్రీల వేడి తగిలితే రాత మాయం. రోహిణి కార్తెలో మన నెల్లూరు ఎండకు కారులో పెట్టిన ఫైలు ఆ వేడి చూడదని నేను హామీ ఇవ్వలేను.

ట్రంకురోడ్డు స్టేషనరీ:

నేను నెల్లూరులో పెన్నులు అమ్ముకునేవాణ్ణి, నర్సింగ్ పిల్లలు వచ్చి అడిగేదే ఇది. బటన్‌లో రెనాల్డ్స్ జెట్టర్ చూడమ్మా, పట్టుకునేచోట రబ్బరు ఉంటుంది. మూతవాటిలో లింక్ పెంటోనిక్ నున్నగా పోతుంది. రెండూ చిన్న నోట్లలోనే వస్తాయి. నువ్వు పుర్రచేతివి కాబట్టి సూదిమొన 0.5 తీసుకోవద్దు. కుడిచేతివాళ్లు పెన్నును లాగుతూ రాస్తారు, నువ్వు తోస్తూ రాస్తావు, సూదిమొన కాగితంలో దిగబడుతుంది. గుండ్రటి మొన 0.7 గానీ 1.0 గానీ తీసుకో.

గోడకు కాగితం ఆనించి రాస్తే పెన్ను ఆగిపోయిందని తెచ్చి గొడవపడతారు కొందరు. ఇంకు కిందికి జారితేనే బాలు తడుస్తుంది, మొన పైకి పెడితే మామూలు బాల్ పెన్ను ఏదైనా ఆగుతుంది. ప్యాడ్ మీద పెట్టి రాయి.

ఆశపడతానన్నావు కాబట్టి ఒకటి: యూనీబాల్ జెట్‌స్ట్రీమ్. నూనె ఇంకే, కానీ పల్చన, జెల్ లాగా నల్లగా పడుతుంది, తొందరగా ఆరుతుంది. వేలు నొక్కే పని ఉండదు. రికార్డులకు అది ఉంచుకో, హాస్టల్ గుమ్మం దాటనివ్వకు.

కందుకూరు పుర్రచెయ్యి:

జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) మూడో సంవత్సరం. చెల్లీ, నేనూ నీలాంటిదాన్నే. కాగితం పైభాగాన్ని కుడివైపుకు బాగా వాల్చి, చెయ్యి గీత కింద ఉండేట్టు రాయి, మరక సగం పోతుంది. వేలు కాయకు పెన్ను చుట్టూ మైక్రోపోర్ (కాగితం లాంటి ప్లాస్టర్) నాలుగు చుట్లు చుట్టు, లావుగా మెత్తగా అవుతుంది. దాని మీదే నీ రోల్ నంబరు రాసుకో. మురికి పట్టినప్పుడల్లా పీకేసి కొత్తది చుట్టు.

కావలి పాప:

అందరికీ థాంక్స్. నిన్న సాయంత్రం వెళ్లి బటన్‌వి రెండు, మూతవి మూడు కొన్నా. జెట్‌స్ట్రీమ్ ధర అడిగి, కాగితం మీద నా పేరు నాలుగుసార్లు రాసి చూసి, అక్కడే పెట్టేసి వచ్చా. వచ్చే నెల చూద్దాం. ఇవ్వాళ పన్నెండు బెడ్లు చూశా, ఒక్క మరక లేదు. శానిటైజర్ ఆరేదాకా నిలబడితే పక్క బెడ్డు అవ్వ "ఏందమ్మా, చేతులు జోడించి నాకు దండం పెడతుండావా" అనింది.

ఒంగోలు సిస్టర్, ఒక డౌటు. రౌండ్స్‌లో మా ఇన్‌చార్జి సిస్టరే "పాపా, పెన్ను ఇట్టా ఇవ్వు" అని తీసుకుంది. మధ్యాహ్నం డ్యూటీ దిగి వెళ్లిపోయింది. అడగనా, ఊరుకోనా?

ఒంగోలు సిస్టర్:

ఊరుకో. ఏ పెన్ను ఇచ్చావు?

కావలి పాప:

మూతది. మూత నా జేబులోనే ఉంది.